ముందే కట్టిన తీగ

శర్జీ గాలి పట్టిందంటే బస్రాలో ఎవరికీ ఒకచోట కాలు నిలవదు. సముద్రం మీది తడినంతా మోసుకొచ్చి ఊరి నెత్తిన కుమ్మరించి, ఆ గాలి అక్కడే తిష్ఠ వేస్తుంది. ఆరేసిన బట్ట ఆరదు, తాగిన నీళ్ళు ఒంట్లో నిలవవు. అలాంటి రోజుల్లో కూడా నిదాల్ తిరిగినట్టు ఇంట్లో తిరిగే మనిషి ఆ వీధిలో ఇంకొకరు ఉండరు. ముందుగదిలో కూర్చునేది, లేచేది. వంటింట్లోకి పోయి ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా దాని ముందు నిలబడేది. అక్కడినుంచి స్నానాలగదికి పోయి నెత్తిమీది గుడ్డ తడుపుకునేది. మేడమీది ట్యాంకు నీళ్ళు టీ కాచుకోవచ్చన్నంత వేడిగా ఉండేవి. ఆ తడిగుడ్డతోనే మళ్ళీ ముందుగదిలోకి.

ఆమెకు యాభై రెండేళ్ళు. బయటి వేసవి అందరిదీ. ఆమెకు ఒంట్లో ఇంకో వేసవి ఉండేది. రొమ్ముల మధ్య ఎవరో పొయ్యి వెలిగించినట్టు మొదలై, మెడమీదుగా చెవుల దాకా పాకి, ఒళ్ళంతా చెమటతో ముంచి, గుండెను దడదడలాడించి పోయేది. పోయినట్టే పోయి, సగం తిన్న అన్నం దగ్గరో, నమాజు మధ్యలోనో మళ్ళీ వచ్చేది. అషార్ బజారులో డాక్టరమ్మకు చూపించుకుంటే ఆవిడ నవ్వి, "ఇది జబ్బు కాదమ్మా, వయసు. చల్లగా ఉండే చోట ఉండండి, మనసు కంగారు పెట్టుకోకండి" అంది. జూలైలో, బస్రాలో! నిదాల్ ఆ మాట మొగుడికి కూడా చెప్పలేదు. చెప్పడానికి అదేం మాట?

పడగ్గదిలో ఏసీ ఉంది. అది వతనియా వచ్చినప్పుడే, అంటే సర్కారు కరెంటు ఉన్నప్పుడే తిరుగుతుంది. ఆ కరెంటు వేసవిలో చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. మిగతా వేళంతా జనరేటర్ల వాళ్ళ తీగలమీదే ఊరి బతుకు. ఆంపియర్‌కు ఇంతని నెల మొదట్లోనే కడతారు, ఎన్ని కడితే అంత వాడుకుంటారు. నిదాల్ ఇంటి తీగ మాత్రం కట్టకుండా వచ్చేది. ఎందుకంటే ఆ వీధి జనరేటర్ ఆమె మరిది రైసాన్‌ది.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి రైసాన్ తొమ్మిదేళ్ళవాడు, తల్లి లేనివాడు. వాడి జ్వరాలూ వాడి బడి దెబ్బలూ ఆమె ఒళ్ళోనే తగ్గాయి. ఆమెకు పిల్లలు పుట్టలేదు. మా వైపు పెళ్ళయిన ఆడదాన్ని పేరు పెట్టి పిలవరు, ఫలానావాడి తల్లి అని కొడుకు పేరుతో పిలుస్తారు. కొడుకు లేని నిదాల్‌ను వీధి మొదట వేళాకోళానికీ, తరవాత అలవాటుగానూ 'ఉమ్ రైసాన్' అంది. అంటే రైసాన్ తల్లి. రైసాన్ పెద్దవాడై, మిషను కొని, వీధికి తీగలు లాగిన రోజున నలుగురిలో గుండె మీద చెయ్యేసుకుని, "మా వదిన దగ్గర డబ్బు తీసుకుంటే నా చెయ్యి ఎండిపోదా?" అన్నాడు. వీధంతా మెచ్చుకుంది.

అలా ఉచితంగా వచ్చిన తీగకు మూడే ఆంపియర్లు. ఒక పంకా, ఫ్రిజ్, రెండు దీపాలు. మిషను మీద భారం పెరిగితే రైసాన్ మనుషులు మొదట తీసేది ఆ తీగనే. డబ్బు కట్టినవాడి తీగ తీస్తే వాడు బూతులు తిడుతూ వస్తాడు. వదిన రాదు.

ఆ మధ్యాహ్నం కూడా పంకా మూలిగి, నెమ్మదించి, ఆగిపోయింది. నిదాల్ కిటికీలోంచి చూసింది. ఎదురింటి ఏసీ నీళ్ళు కారుస్తూ హాయిగా తిరుగుతోంది. ఆ ఇంటికీ అదే మిషను. వాళ్ళు కట్టేవాళ్ళు. ఆమె రైసాన్‌కు ఫోను చేసింది.

"వదినా, నా ప్రాణమా! అయిదంటే అయిదు నిమిషాలు. మిషను వేడెక్కింది, దాన్ని కాస్త ఊపిరి తీసుకోనీ."

"మంచిదిరా, తొందరేం లేదు. నువ్వు తిన్నావా?" అంది నిదాల్. ఫోను పెట్టేశాక తన నాలుక తానే కరుచుకుంది.

అయిదు నిమిషాలు సాయంత్రం అసర్ నమాజు దాకా సాగాయి. ఈలోగా ఒక తోపుడుబండివాడు వచ్చి గుమ్మంలో పేద్ద పుచ్చకాయ దించాడు. "రైసాన్ అన్న పంపించాడు. వదిన చల్లగా తినాలన్నాడు." నిదాల్ ఆ పుచ్చకాయ వంక చూస్తూ నిలబడింది. ఏడుపొచ్చింది. పుచ్చకాయను ఎవరు తిట్టగలరు?

ఆమె పైన నల్లటి అబాయా తగిలించుకుని బయల్దేరింది.

పాత మంచు ఫ్యాక్టరీ పక్క ఖాళీ స్థలంలో ఖజల్ అనే జుబైర్ ఊరి మనిషి ఆ వసంతంలోనే కొత్త జనరేటర్ దింపాడు. రేకుల గది ముందు 'బంగారు తీగ' అని బోర్డు పెట్టాడు. రాత్రీ పగలూ ఆగని తీగను మావాళ్ళు అలాగే అంటారు. ఖజల్ సన్నటి మనిషి. ఎప్పుడూ బుగ్గన ఏలక్కాయ ఉంటుంది.

"ఏ ఇంటికమ్మా తీగ?" అన్నాడు.

"ఫాఖిర్ ఇంటికి. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడే, ఆయనింటికి."

ఖజల్ ఏలక్కాయను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాడు. "అంటే మీరు ఉమ్ రైసానా?"

"అలాగే అంటారు."

"ఉమ్ రైసాన్ వచ్చి రైసాన్ తీగ వద్దంటోందా! అమ్మా, ఈ ఎండకి నా చెవులు పోయాయా, మీకు మతి పోయిందా?"

"రెండూ పోయుంటాయి. తీగ ఇస్తావా, ఇవ్వవా?"

"ఇవ్వక? ఇవ్వడానికేగా ఈ దెయ్యాన్ని ఇక్కడ కూచోబెట్టి డీజిల్ తాగిస్తున్నా. కానీ మూడు నెలలది ముందే కట్టాలి."

"అదేంటి? అందరూ నెలకేగా కట్టేది?"

"కొత్తగా ఊళ్ళోకి దిగినవాళ్ళకి నెలకే. ఇంకో మిషను వదిలి నా దగ్గరకొచ్చేవాళ్ళకి మూడు. ఎందుకో వినండి. అలిగి పుట్టింటికి వచ్చిన పిల్లలుంటారు చూడండి, అలాంటివాళ్ళు వీళ్ళు. నేను తీగ కొంటాను, మనిషిని స్తంభం ఎక్కిస్తాను. వారం తిరక్కుండా పాత మొగుడొచ్చి గడ్డం పట్టుకుంటాడు, పిల్ల మూట సర్దేస్తుంది. నా తీగ గాల్లో వేలాడుతుంటుంది. మీ సంగతి అంతకన్నా కష్టం. అక్కడ మొగుడు కూడా కాదు, మరిది. మూడు నెలలు తక్కువే అడిగా."

నిదాల్‌కు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఒంట్లో పొయ్యి వెలిగింది. అబాయా అంచుతో మొహం తుడుచుకుంది. "సరే, కట్టాను. కట్టాక కరెంటు పోయిందనుకో?"

"వచ్చి నన్ను తిట్టండి. తిట్లు తినడానికేగా ఈ గది కట్టుకుంది! కట్టినవాళ్ళు అరుస్తారు, నేను వింటాను. ఈ వ్యాపారమే అంత."

ఆ మాట నిదాల్‌కు గదిలోని కూలర్ గాలికన్నా చల్లగా తగిలింది. ఆ నెల వీధి ఆడవాళ్ళ చీటీ ఆమెకు వచ్చింది. వెనక పళ్ళు పెట్టించుకోవాలని దాచింది. ఆ డబ్బంతా అక్కడే బల్లమీద పెట్టేసింది. ఎల్లుండి పొద్దున్నకల్లా తీగ ఇంట్లో ఉంటుందని ఖజల్ మాటిచ్చాడు.

వెళ్ళేటప్పుడు ఉన్న ఊపు తిరిగొచ్చేటప్పుడు లేదు. వాడికి చెప్పాలి. ఇంకెవరి నోటా వినకముందే తనే చెప్పాలి. ఇంటికి రాగానే ఫోను తీసింది, పెట్టేసింది. మేడ ఎక్కి దిగింది. మళ్ళీ తీసింది. 'వదినా, నా ప్రాణమా' అంటాడు. రేపు చెబుదామనుకుంది.

భోజనాల దగ్గర మొగుడు ఫాఖిర్‌కు చెప్పింది. ఆయన చేప ముల్లు తీస్తూ తీస్తూ ఆగిపోయాడు.

"నా తమ్ముడికి నా మొహం ఎలా చూపించను?"

"నీ మొహం ఇంట్లో నేనే సరిగ్గా చూడ్డం లేదు. పొద్దస్తమానం టీకొట్టులో డామినోల ఆట దగ్గరే ఉంటావు. అక్కడ ఏసీ ఉంది."

"ఇన్నేళ్ళు ఓర్చుకున్నావుగా. ఇప్పుడేం ముంచుకొచ్చింది?"

చెప్పేద్దామనుకుంది. చివరికి "వేడి" అంది.

"అందరికీ వేడే" అని ఆయన మళ్ళీ చేపమీదికి వంగాడు.

రేపు చెబుదామనుకున్న మాటకు రేపు ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నపు దుహర్ నమాజుకు ముందే తోటికోడలు సుహాద్, రైసాన్ భార్య, వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అక్కా, నిజమేనా?"

"నిజమే సుహాద్. నేనే వచ్చి చెబుదామని..."

"నువ్వు చెప్పేలోగా ఊరంతా చెప్పింది. కూరగాయల బండి దగ్గర నా మొహం మీదే అంటున్నారు, సొంత వదినకే సరిగ్గా ఇవ్వలేనివాడు మనకేం ఇస్తాడని. ఇద్దరు ముగ్గురు అప్పుడే ఖజల్ గదికి పోయారు. ఆయన రాత్రి అన్నం ముట్టలేదు. నీకేం లోటు చేశాడక్కా? నీ పేరులో సగం ఆయనదే."

నిదాల్ ఏదో అనబోయింది. సుహాద్ అప్పటికే అబాయా సర్దుకుని వీధి దాటేసింది.

సాయంత్రం రైసాన్ మనిషి కటింగ్ ప్లేయర్ పట్టుకుని వచ్చాడు. తలెత్తకుండా మెట్లెక్కి, తీగ తీసి చుట్ట చుట్టాడు. "అన్న తీసెయ్యమన్నాడమ్మా. ఒక ఇంటికి రెండు తీగలుంటే కాలిపోతాయట" అన్నాడు. నిదాల్ వాడికి మంచినీళ్ళిచ్చింది. వాడు తాగి, గ్లాసు మెట్టుమీద పెట్టి పోయాడు.

ఇక ఖజల్ తీగ రావాలి. చెప్పిన పొద్దున రాలేదు. మధ్యాహ్నమైనా రాలేదు. నిదాల్ మేడమీదికి పోయి వీధి చివరిదాకా చూసేది, దిగేది, గుమ్మంలో నిలబడేది. ఫ్రిజ్ కింద నీళ్ళ మడుగు కట్టింది. చేపలు వాసన పట్టాయి, పక్కింటి పిల్లికి వేసింది. సర్కారు కరెంటు కాసేపు వచ్చింది. ఆమె పరిగెత్తి ఏసీ కింద నిలబడి మెడ మీద గుడ్డ తీసిందో లేదో, పోయింది. ఖజల్‌కు ఫోను మీద ఫోను. చివరికి ఎత్తాడు.

"అమ్మా, నా మనిషి పొద్దున్నే వచ్చాడు. మీ మలుపు దగ్గర స్తంభం రైసాన్‌ది. దానిమీంచి తప్ప మీ ఇంటికి దారి లేదు. రైసాన్ మనుషులు కింద కుర్చీలేసుకుని కూచున్నారు. నావాడు నిచ్చెన వెనక్కి పట్టుకొచ్చాడు. నేను ఈ పేటకి కొత్త. కరెంటు అమ్ముకోడానికి వచ్చా, కొట్లాటకి రాలేదు."

"మరి నా డబ్బు?"

"డబ్బు ఎక్కడికీ పోదు. తీగ కూడా ఎక్కడికీ రాదు, మీరూ మీరూ తేల్చుకునేదాకా."

పాతదీ పోయింది, కొత్తదీ రాలేదు. ఫాఖిర్ "చెప్తే విన్నావా?" అనేసి, జవాబు వినకుండా టీకొట్టుకు పోయాడు. నిదాల్ నేలమీద పడుకుని చూసింది. గచ్చు కూడా వేడిగానే ఉంది. లేచింది. మళ్ళీ ఆ పొయ్యి వెలిగింది, ఈసారి మోకాళ్ళ దాకా. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. గోడకు ఆనుకుని అది పోయేదాకా నిలబడింది. అది పోగానే చెప్పులేసుకుంది. కుక్కలు కూడా బయటికి రాని వేళ అది.

రైసాన్ జనరేటర్ ఉన్న దొడ్లోకి ఆడవాళ్ళు ఎవరూ పోరు. నేలంతా నల్లటి నూనె. మిషను చప్పుడుకు పక్కవాడి మాట పక్కవాడికి వినిపించదు. రైసాన్ బనీనుతో దాని ముందు కూర్చుని ఏదో బోల్టు బిగిస్తున్నాడు. చుట్టూ నలుగురైదుగురు మనుషులు. వదినను చూసి లేచాడు, కానీ దగ్గరికి రాలేదు.

నిదాల్ నోరు తెరిచింది. తన మాట తనకే వినపడలేదు. దగ్గరికి పోయి గొంతు పెంచింది.

"స్తంభం దగ్గర మనుషుల్ని తియ్యి!"

"ఏంటీ?"

"మనుషుల్ని తియ్యమంటున్నా!"

"నా స్తంభం, నా మనుషులు! నీకు తీగ కావాలంటే నన్నడిగావా?"

"ఎన్నిసార్లు అడిగాను! అయిదు నిమిషాలన్నావు! పుచ్చకాయ పంపించావు!"

"పుచ్చకాయ పంపించడం కూడా తప్పేనా?"

"వినరా వెధవా, నాకు ఒంట్లో బాగాలేదు!"

"ఏంటీ? వినపడ్డం లేదు!"

నిదాల్ రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది. ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది. సరిగ్గా ఆ క్షణానే మిషను వేడెక్కి టక్కున ఆగిపోయింది.

"నా నెలసరి ఆగిపోయిందిరా! ఒళ్ళంతా పొయ్యిలా కాలుతోంది!"

ఆ మాట దొడ్డి గోడలు దాటి వీధిలోకి పోయింది. పని చేసుకునేవాళ్ళలో ఒకడు నూనెడబ్బా మూత వెతకసాగాడు, మూత వాడి చేతిలోనే ఉంది. మిగతావాళ్ళు మెల్లగా గోడవతలికి జారుకున్నారు. ఇళ్ళలోంచి "కరెంటు పోయింది, రైసాన్!" అని కేకలు మొదలయ్యాయి. రైసాన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. వదిన మోచెయ్యి పట్టుకుని రేకుల గదిలోకి తీసుకుపోయి, కుర్చీ మీది నూనెగుడ్డలు తోసేసి కూర్చోబెట్టి, ఐసుపెట్టెలోంచి నీళ్ళు ఇచ్చాడు. ఆమె సగం తాగి, సగం మెడ మీద పోసుకుంది.

చేతుల నూనె బనీనుకు తుడుచుకుంటూ అన్నాడు. "ఈ ముక్క ఫోన్లో చెప్పలేకపోయావా వదినా?"

"ఫోన్లో నువ్వు ప్రాణమా అంటావు. ఆ తరవాత నేనేం చెప్పను?"

"పది ఆంపియర్లు ఇస్తా. ఇప్పుడే. రాత్రీ పగలూ ఆగని తీగ. ఎవడింటిది పోయినా నీది పోదు."

"డబ్బు తీసుకుంటావా?"

"నీ దగ్గరా?"

"చూశావా మరి." నిదాల్ గ్లాసు కింద పెట్టింది. "కట్టినవాడు వచ్చి నీ చొక్కా పట్టుకుంటాడు. వాడి తీగ తీయవు. నాది తీస్తావు. ఎందుకంటే నేను 'తిన్నావా' అని అడుగుతాను. రేపు పది ఆంపియర్లు ఇచ్చినా, భారం పడితే మళ్ళీ నాదే తీస్తారు నీ మనుషులు."

"నా మనుషులు కాదు" అన్నాడు రైసాన్ నేలవంక చూస్తూ. "నేనే తియ్యమంటాను. వదిన ఏమీ అనుకోదులే అని."

"అనుకోకుండా ఎందుకుంటానురా? అనలేను, అంతే. అక్కడ నా పళ్ళ డబ్బు కట్టాను. ఆ ఖజల్ నాకేం కాడు. వాణ్ణి తిట్టినా రాత్రి నాకు నిద్ర పడుతుంది."

"అంటే వాడిచ్చే కరెంటు ఇష్టం, నేనిచ్చేది కష్టం."

అవునంటే వాడి మనసు విరుగుతుంది, కాదంటే అబద్ధం. బయట కేకలు ఎక్కువయ్యాయి. రైసాన్ లేచాడు. "ఇంటికి పో వదినా, ఎండ" అన్నాడు. మనుషుల్ని తీస్తాననీ అనలేదు, తీయననీ అనలేదు.

ఇంటికొచ్చి ఆమె మళ్ళీ తిరగడం మొదలెట్టింది. వాడితో అలా మాట్లాడి ఉండకూడదనుకుంది. ఇంకా గట్టిగా మాట్లాడాల్సిందనుకుంది. వీధిలో ఇక తలెత్తుకుని ఎలా తిరగనని ఒకసారి, తిరిగితే ఏమవుతుందిలే అని ఒకసారి. మగ్రిబ్‌కు కాస్త ముందు, పొద్దు గూకుతుండగా, వీధిలో నిచ్చెన చప్పుడు విని మేడమీదికి పోయింది.

ఖజల్ మనిషి స్తంభం ఎక్కి ఉన్నాడు. కింద కుర్చీలు లేవు. రైసాన్ ఒక్కడే చేతులు కట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. అయితే కళ్ళు మాత్రం ఉండి ఉండి పైకి పోతున్నాయి. ఇక పట్టలేకపోయాడు.

"ఒరేయ్, ఆ ముడేంట్రా? గొర్రెను కట్టేస్తున్నావా? నాలుగు రోజుల్లో మాడిపోతుంది. దిగు!"

వాడు భయపడి దిగాడు. నలభై దాటిన రైసాన్, ఆ పొట్టతో, రొప్పుతూ నిచ్చెన ఎక్కాడు. పరాయి మిషను తీగను చేతుల్లోకి తీసుకుని, తోలు తీసి, గట్టిగా మెలేసి, టేపు చుట్టాడు. దిగి చేతులు తుడుచుకుంటూ ఖజల్ మనిషితో అన్నాడు. "మీ ఖజల్ హాజీకి చెప్పు, నా స్తంభానికి బాడుగ పంపించమని." మేడవంక తలెత్తకుండా పోయాడు.

ఏసీ తిరిగింది. నిదాల్ దాని కిందే చాప వేసుకుని పడుకుంది. కాసేపటికి ఫాఖిర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన చేతిలో ఒక పొట్లం.

"డామినోల దగ్గర చెప్పారు" అన్నాడు.

"ఏం చెప్పారు?"

"నువ్వు దొడ్లో అరిచింది. వీధంతటికీ తెలిశాక నాకు తెలిసింది." లోపలికి వచ్చాడు. "నేను వేడి అంటే ఎండే అనుకున్నా." పొట్లం ఆమె పక్కన పెట్టాడు. అందులో సేమియా ఐస్‌క్రీం ఉంది, సగం కరిగిపోయి. ఇద్దరూ అక్కడే నేలమీద కూర్చుని చెంచాలు వెతక్కుండా తాగేశారు.

రైసాన్ ఆ తరవాత చాలారోజులు రాలేదు, ఫోనూ చెయ్యలేదు. సుహాద్ వీధిలో ఎదురుపడితే సలాం చెప్పి పోయేది, ఆగేది కాదు. నిదాల్‌కు ఒళ్ళు చల్లబడింది కానీ మనసు కుదుటపడలేదు. భోజనం వేళకు ఫోను వంక చూసేది. ఆగస్టులో ఖజల్ మిషనులో ఏదో విరిగింది. ఆ ముక్క బాగ్దాదు నుంచి రావాలన్నారు. నిదాల్ మంచు ఫ్యాక్టరీ దాకా నడిచివెళ్ళి, బల్లమీద చెయ్యేసి, నీ బంగారు తీగ ఇత్తడయిందనీ, నా పళ్ళు తిని కూర్చున్నావనీ, మా రైసాన్ ముడి వెయ్యకపోతే నీ తీగ మొదటి వారమే మాడేదనీ కడుపునిండా తిట్టింది. ఖజల్ ఏలక్కాయ నములుతూ ఆసాంతం విన్నాడు. పోయిన రోజులు చివర్లో కలుపుతానన్నాడు. ఆమె వెనక అప్పటికే ఇంకో పది మంది చేరారు.

ఆ సాయంత్రం రైసాన్ గుమ్మంలోకి వచ్చాడు.

"ఖజల్‌ది బాగయ్యేదాకా తీగ కావాలా?" అన్నాడు మొహం గంటు పెట్టుకుని.

"కావాలి."

"ఆంపియర్ ఎంతో తెలుసుగా. ముందే కట్టాలి."

నిదాల్ లోపలికి పోయి డబ్బు తెచ్చింది. వాడు వేలు తడిచేసుకుని లెక్కపెట్టుకున్నాడు. చేదు మందు మింగేవాడిలా మొహం పెట్టి, జేబులో వేసుకున్నాడు. ఆమె తలుపు వేశాక గుమ్మం బయటే కాసేపు నిలబడ్డాడని ఎదురింటావిడ తరవాత చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం పంకా నెమ్మదించింది. నిదాల్ ఫోను తీసింది.

"ఒరేయ్, పంకా ఈగలు తోలుకోవడానికి కూడా పనికి రావట్లేదు!"

"అందరిదీ అంతే వదినా, ఓపిక పట్టు!"

"ఓపికకి కట్టలేదు, ఆంపియర్లకి కట్టాను!"

"అబ్బబ్బా, చూస్తున్నా! ఆ నోరు ఇన్నేళ్ళు ఎక్కడ దాచావు?"

"నిన్ను 'తిన్నావా' అని అడగడానికి వాడాను! వచ్చి చూస్తావా, నన్ను రమ్మంటావా?"

"రాకు తల్లీ, రాకు! ఇప్పుడే చూస్తా!"

పంకా పుంజుకుంది.

ఖజల్ మిషను బాగయ్యాక ఆమె మళ్ళీ ఆ తీగకే పోయింది. మూడు నెలలు నిండాక కూడా అక్కడే నెలనెలా కట్టింది. వీధిలో కొందరు రైసాన్ దగ్గరికి తిరిగొచ్చారు, కొందరు రాలేదు. అక్టోబరుకు గాలి ఉత్తరం నుంచి వీచసాగింది. ఒక శుక్రవారం నిదాల్ రైసాన్ ఇంటిల్లిపాదినీ భోజనానికి పిలిచి, ఏసీ ఉందని పడగ్గదిలోనే చాపలు పరిచింది. రైసాన్ వచ్చాడు. సుహాద్ కూడా వచ్చి, ముభావంగా, ఏసీ కింద గోడవారగా కూర్చుంది. అన్నంలో ఎండునిమ్మకాయలు వేసిన చేపలపులుసు పోసుకుని అందరూ తింటున్నారు. ఫాఖిర్ రేవు కబుర్లేవో చెబుతున్నాడు.

మధ్యలో నిదాల్ మొహం ఎర్రబడింది. ముద్ద పళ్ళెంలోనే వదిలి లేచి, వంటింట్లోకి పోయి, వాకిట్లోకి పోయి, మళ్ళీ గదిలోకి వచ్చింది. ఎక్కడా నిలబడలేకపోయింది. సుహాద్ తలెత్తి ఆమెను చూసింది. తన పళ్ళెం తీసుకుని లేచి, పిల్లల పక్కకి జరిగి కూర్చుంది. ఏసీ కింది చోటు ఖాళీ అయింది.

"రా అక్కా, ఇక్కడ కూచో" అంది.